లోనార్‌లో రెండు రోజులు: గులాబీ రంగు కోసం వెళ్తే పారాణి కనిపించింది

లోనార్ వెళ్తున్నామని చెప్పగానే మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే, "ఆ గులాబీ సరస్సేనా?" అని. 2020 జూన్‌లో, అందరం ఇళ్లలో కూర్చున్న రోజుల్లో, మహారాష్ట్ర బుల్ధానా జిల్లాలో ఉల్క పడి ఏర్పడిన ఈ ఉప్పునీటి సరస్సు ఎర్రబడిందని వచ్చిన ఫొటోలు మనందరి ఫోన్లలో తిరిగాయి. కలికాలం అన్నవాళ్లు ఉన్నారు, లాక్‌డౌన్‌తో ప్రకృతి ఊపిరి పీల్చుకుంది అన్నవాళ్లూ ఉన్నారు. మా బాబుకి అప్పుడు ఏడేళ్లు. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి తీసుకెళ్లమని ఒకటే గొడవ. 2023 జనవరిలో నేను, మా ఆవిడ, బాబు, అమ్మ, నలుగురం బయల్దేరాం.

ముందే చెప్పేస్తాను, మేం వెళ్లినప్పుడు నీళ్లు ఆకుపచ్చగానే ఉన్నాయి. గులాబీ రంగు చూద్దామని టికెట్లు బుక్ చేసుకోకండి. ఆ ఏడాది ఎండలకు నీరు తగ్గి ఉప్పు చిక్కబడింది. ఉప్పులోనే బతికే హాలోఆర్కియా అనే సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగాయి, ఆ రంగు వాటిదే. అటవీ శాఖ వాళ్లు పంపిన నీళ్లను పుణేలోని అగార్కర్ పరిశోధన సంస్థలో పరీక్షించి ఈ సంగతి తేల్చారు. సీసాను కదపకుండా ఉంచితే ఆ జీవులు అడుగుకు దిగిపోయి పైన నీళ్లు తేటగా అయ్యాయట. వానలు పడ్డాక సరస్సులోనూ రంగు పోయింది. ఇదంతా రైల్లోనే బాబుకి చెప్పాను. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు.

హైదరాబాద్ నుంచి రైలెక్కి జాల్నాలో దిగడం తేలిక. అక్కడి నుంచి లోనార్ దాదాపు తొంభై కిలోమీటర్లు, కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ దారి పొడుగునా "గంట చాలు సార్, పైనుంచి చూసి ఫొటోలు దిగి వచ్చేయండి, సాయంత్రానికి ఎల్లోరా చూపిస్తా" అని పోరాడు. చాలామంది అలాగే చేస్తున్నారు, మేం ఉన్నప్పుడు కూడా బండ్లు వచ్చి ఇరవై నిమిషాల్లో వెళ్లిపోయాయి. నా మాట వినండి, కనీసం ఒక రాత్రి ఉండండి. ఇది పైనుంచి చూసి తిరిగొచ్చే చోటు కాదు.

బస విషయంలో మాకు ఇబ్బంది అయింది. సరస్సు దగ్గరున్న పర్యాటక సంస్థ రిసార్ట్‌లో ఆ రోజుకు గదులు లేవు. ఊళ్లో ఒక లాడ్జీలో ఫోన్ చేసి రెండు గదులు ఖాయం చేసుకుంటే, వెళ్లాక ఒక్కటే ఉందన్నారు. అమ్మకు మంచం ఇచ్చి మేం కింద పరుపేసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. వేడినీళ్లు మాత్రం పొద్దున ఏడు దాటితే రావు, ఈ సంగతి ఏడున్నరకు చెప్పారు. జనవరి చలిలో అమ్మ చన్నీళ్లతో స్నానం చేసింది. నాకు దాని మీదే ఎక్కువ కోపం వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు రిసార్ట్ దొరికే తేదీలు చూసుకుని వెళ్లడం మేలు. ఊళ్లో తిండికి ఏం ఇబ్బంది లేదు, భోజనం సాదాగా ఉన్నా వేడివేడిగా పెట్టారు.

ఇక సరస్సు. అంచు మీదికి వచ్చేదాకా ఏమీ కనిపించదు, మామూలు పొలాలు, ముళ్లచెట్లు. నాలుగడుగులు ఎక్కగానే నేల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. ఇటు అంచు నుంచి అటు అంచుకు దాదాపు 1.8 కిలోమీటర్లు, లోతు సుమారు 150 మీటర్లు, అడుగున పచ్చటి పళ్లెంలా నీళ్లు. మా పక్కన అప్పటిదాకా కేకలు పెడుతున్న కాలేజీ పిల్లలు అక్కడికి రాగానే నోరు మూశారు. పల్లె నుంచి ట్రాక్టర్లో వచ్చిన ఒక పెద్దాయన చెప్పులు విప్పి దండం పెట్టుకున్నాడు. మా అమ్మ మాత్రం చాలాసేపు చూసి, "ఇంత గొయ్యి చెయ్యాలంటే అది ఎంత వేగంగా వచ్చి పడి ఉండాలిరా" అంది. దండం తర్వాత పెట్టింది.

నాకు ఆశ్చర్యమేసింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగా వెళ్లినప్పుడు అమ్మకు 23 ఏళ్లు. తలుపులు బిగించుకుని, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని లోపల కూర్చున్నారట. "మిట్టమధ్యాహ్నం దాటాక కోళ్లు గూట్లోకి పోయాయని తర్వాత చెప్పుకున్నారు, మేం అదీ చూళ్లేదు" అని ఇప్పటికీ బాధపడుతుంది. అందుకేనేమో, 66 ఏళ్ల వయసులో ఆ దిగుడు దిగుతానని పట్టుబట్టింది.

గైడ్‌ను తప్పకుండా పెట్టుకోండి. మాకు దొరికినాయన యాభై దాటిన మనిషి, ఈ ఊరివాడే. బళ్లో ఉన్నప్పుడు మాస్టారు దీన్ని అగ్నిపర్వతం నోరు అని చెప్పారట. ఆ మాస్టారును తప్పుపట్టడానికి లేదు, చుట్టూ ఉన్నదంతా లావా గడ్డకట్టిన బసాల్ట్ రాయే, నిపుణులు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. విపరీతమైన దెబ్బ తగిలితే తప్ప ఏర్పడని మాస్కెలినైట్ అనే గాజు ఇక్కడి రాళ్లలో దొరికిందని 1973లో ప్రచురించాక ఉల్క సంగతి గట్టిపడింది. "నాకు పెద్దయ్యాక తెలిసింది, రెండు రోజులు నిద్ర పట్టలేదు. రోజూ గేదెల్ని తోలుకెళ్లిన చోటు కదా, ఆకాశం నుంచి పడిందంటే ఎట్లా ఉంటుంది చెప్పండి" అన్నాడు.

వయసు యాభై రెండు వేల ఏళ్లని చెప్పాడు. పాత లెక్క అదే. రాళ్ల వయసు కట్టే ఆర్గాన్ పద్ధతిలో చేసిన పరీక్షల ప్రకారం సుమారు 5,70,000 ఏళ్లని 2011లో వచ్చిందని నేను చెప్పాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, అంకె నాతో రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. మరుసటి రోజు వేరే కుటుంబంతో కనిపించినప్పుడు కొత్త అంకే చెబుతున్నాడు.

దిగే దారి గోముఖ్ ధార పక్క నుంచి. ఎండాకాలం కూడా ఆగని మంచినీటి ఊట అది, గుడి, మెట్లు బాగున్నాయి. తర్వాత రాళ్లబాట, బూట్లు లేకుండా దిగకండి. మధ్యలో గైడ్ దారానికి కట్టిన చిన్న అయస్కాంతం తీసి ఒక నల్లరాయి దగ్గర వేలాడదీస్తే అది రాయివైపు లాగింది. బాబు అరగంట పాటు కనిపించిన ప్రతి రాయికీ పెట్టి చూశాడు. ఒకటి జేబులో వేసుకోబోతే గైడ్ ఆపాడు. ఇది అభయారణ్యం, రాయి ముక్క కూడా తీసుకెళ్లకూడదు. ఆపినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

కథ కూడా ఆయనే చెప్పాడు. లోణాసురుడు ఈ గొయ్యిలో దాక్కుంటే విష్ణువు దైత్యసూదనుడై వచ్చి, పైనున్న మూతను కాలితో ఎగరగొట్టి చంపాడట, ఆ మూత ఎక్కడో దూరంగా పడి కొండైందట. అమ్మ వెంటనే, "మూత ఎగిరి పడటం నిజమే కదా, ఇక్కడి మట్టి అంతా లేచి చుట్టూ పడిందన్నారుగా" అంది. గొయ్యి అంచు చుట్టుపక్కల నేల కన్నా ఇరవై మీటర్లు ఎత్తుగా ఉండేది ఆ ఎగిరి పడిన రాళ్లూ మట్టి వల్లే. నేను చదివి తెలుసుకున్నది ఆమె కథలోంచి పట్టుకుంది.

నీటి దగ్గర వాసన ఘాటుగా ఉంటుంది, ముక్కు మూసుకోవాల్సిందే. గైడ్ కాగితం పొట్లంలోంచి చిటికెడు పసుపు తీసి బాబు అరచేతిలో వేసి, పైన నాలుగు చుక్కలు సరస్సు నీళ్లు పోశాడు. పసుపు అంచుల నుంచి ఎర్రబడుతూ మధ్యకు వచ్చి, క్షణాల్లో చేయంతా ముదురు ఎరుపైంది. వాడు అదిరిపడి చేయి దులిపేశాడు. అమ్మ వాడి చేయి పట్టుకుని దగ్గరగా చూసి, "ఒరేయ్, ఇది పారాణిరా!" అని ఒక్క కేక పెట్టింది. పసుపులో సున్నం కలిపి పెళ్లికూతురి కాళ్లకు పూసేది అదే కదా. ఈ నీళ్లూ సున్నంలాగే గట్టి క్షారం, క్షారం ఎంతో చెప్పే పీహెచ్ కొలత పది దాకా ఉంటుంది. గైడ్‌కు పారాణి గురించి తెలియదు. అమ్మ వచ్చీరాని హిందీలో, కాలి చుట్టూ వేలితో గీసి చూపిస్తూ చెప్పింది. ఆయన "అచ్ఛా, ఆజీ!" అంటూ మళ్లీ పుస్తకం తీశాడు.

ఎక్కడానికి మాకు గంటన్నర పట్టింది, అమ్మ ఆరుసార్లు కూర్చుంది. పొద్దున ఏడుకల్లా దిగడం మొదలుపెట్టి ఎండెక్కక ముందే పైకి రండి, నీళ్ల సీసాలు మనిషికి రెండు పట్టుకెళ్లండి, కింద ఏమీ దొరకవు. ఊళ్లోని దైత్యసూదన్ ఆలయం మాత్రం వదలకండి. సాయంత్రం వెలుతురులో ఆ శిల్పాలు చాలా బాగుంటాయి, జనం కూడా తక్కువ.

ఆ రాత్రి లాడ్జీలో బాబు ఇంకా చేయి చూసుకుంటూనే ఉన్నాడు, ఆ సరస్సు నీళ్లు ఇంటికి తెస్తే బాగుండేదని గొణుగుతున్నాడు. అమ్మ లేచి, గైడ్ ఇచ్చిన పొట్లంలో మిగిలిన పసుపు కాస్త తన పాత జేబురుమాలుకు రాసి, బట్టల సబ్బును తడిపి దాని మీద రుద్దింది. మరక ఎర్రబడింది. "నలభై ఏళ్లుగా మీ నాన్న చొక్కాల మీద చూస్తూనే ఉన్నా" అని ఆ రుమాలు వాడి చేతికిచ్చింది.