రొమేనియా వెళ్లేవాళ్లు జాగ్రత్త: "చేత్తో కుట్టిన బ్లౌజు" అని మెషీన్ సరుకు అంటగడుతున్నారు

ఈ వేసవిలో రొమేనియా ట్రిప్ పెట్టుకున్నవాళ్లు, బ్రాన్ కోట చూసి పన్లో పనిగా కింద బజార్లో షాపింగ్ కూడా చేద్దాం అనుకుంటున్నవాళ్లు ఇది ఒకసారి చదివి వెళ్లండి. అక్కడ ఇయె అని ఒక బ్లౌజు ఉంటుంది, తెల్లటి గుడ్డ మీద భుజాలు, చేతులు నిండా ఎంబ్రాయిడరీ, ఫొటోల్లో చూసే ఉంటారు. దాన్ని పల్లెటూరి ఆడవాళ్లు నెలల తరబడి చేత్తో కుట్టారని కథ చెప్పి, మెషీన్ మీద కొట్టిన పాలిస్టర్ ముక్క చేతిలో పెడుతున్నారు. మా ఇంట్లో వాళ్లకి ఒకటి కాదు, ఐదు అంటగట్టారు. ఒక ఆన్‌లైన్ షాపు, పేరు రాయట్లేదు, ఎలాగూ ఇప్పటికే పేరు మార్చేసుకున్నారు, అది చివర్లో చెప్తా.

ముందు మా సంగతి కొంచెం చెప్తే గానీ అర్థం కాదు. మాది చీరాల, ఉండేది జర్మనీలో, మా ఆయనది రొమేనియా, ఉత్తరాన బుకోవినాలో గురా హుమోరులుయ్ దగ్గర ఒక పల్లె. ఆడపడుచు ఇటలీలో తోరీనోలో ఉంటుంది, మరిది స్పెయిన్‌లో. రొమేనియాలో చాలా ఇళ్లు ఇంతే, ఒక్క ఇటలీలోనే పది లక్షల మందికి పైగా రొమేనియా వాళ్లు ఉన్నారు, ఆగస్టు వచ్చిందంటే అందరూ కార్లేసుకుని ఊళ్లకి పడతారు. ఆగస్టు 15 అక్కడ మేరీమాత పెద్ద పండగ, దాని చుట్టూనే పెళ్లిళ్లు, పిల్లల బాప్టిజాలు అన్నీ పెట్టుకుంటారు, ఎందుకంటే బయట ఉన్నవాళ్లకి సెలవులు దొరికేది అప్పుడే. పోయిన ఆగస్టులో మరిది పాప బాప్టిజం పెట్టుకున్నారు, ఇంట్లో ఆడవాళ్లందరూ చర్చికి ఇయె వేసుకోవాలని ఆడపడుచు పట్టుబట్టింది.

ఇక్కడే వీళ్ల వ్యాపారం ఉంది చూడండి. జూన్ 24న ఇయె దినోత్సవం అని చేస్తారు, ఆ వారం నుంచి ఆగస్టు మధ్య దాకా ఫేస్‌బుక్ తెరిస్తే ఇవే యాడ్లు, అది కూడా రొమేనియాలో ఉన్నవాళ్లకి కాదు, ఇటలీ, జర్మనీ, స్పెయిన్‌లో ఉన్నవాళ్లకి. ఒక ముసలావిడ అరుగు మీద కూర్చుని కుడుతున్న ఫొటో, కింద "అమ్మమ్మ చేతి కుట్టు, ఊరికి వెళ్లేటప్పుడు వేసుకెళ్లండి" అని. ఏడాదికోసారి ఊరు చూసేవాడు ఆ ఫొటో చూసి బేరం కూడా ఆడడు. మా ఆడపడుచు రెండు ఆర్డర్ పెట్టి అత్తగారింటికి డెలివరీ పెట్టింది, ఆ లింకు మాకూ పంపితే నేను జర్మనీ నుంచి కార్డు మీద మూడు బ్లౌజులు కొన్నా. ఒక్కోటి 650 లేయి, అంటే సుమారు 130 యూరోలు. ఆ రేటే అసలు కిటుకు, బజార్లో వంద నూటయాభై లేయికి దొరికే మెషీన్ సరుకుని అదే రేటుకి పెడితే ఎవరూ చేతికుట్టు అని నమ్మరు, నిజమైన చేతికుట్టు రేటు పెడితే ఎవరూ కొనరు, అందుకని మధ్యలో పెట్టి "వర్క్‌షాప్ నుంచి డైరెక్ట్, మధ్యవర్తులు లేరు" అంటారు.

పార్సిల్ విప్పగానే మా అత్తగారు చేసిన మొదటి పని బ్లౌజు తిరగేసి లోపలి వైపు చూడటం. చీరాలలో మా అమ్మ చీర కొట్లో చేసేదీ సరిగ్గా ఇదే, పైన ఎంత బాగున్నా సరే పల్లూ తిరగేసి వెనక చూస్తుంది, పవర్‌లూమ్ దాన్ని చేనేత అని అమ్మేవాళ్ల మధ్య పెరిగిన ఊరు కదా. లోపల చూస్తే డిజైన్ రంగు ఏదైనా సరే వెనకంతా ఒకటే తెల్లదారం, దానికి కాగితం లాంటి గుడ్డ అతికించి ఉంది, కొన్నిచోట్ల సగం చింపి వదిలేశారు. అత్తగారు ఏమీ అనలేదు, ఒక దారప్పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించారు. కరిగి నల్లటి గట్టి పూసలా అయింది. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది.

ఇంకో విషయం విని ఆవిడ నవ్వారు కూడా. సైట్లో "బుకోవినా సంప్రదాయ ఇయె" అని రాశారు, వచ్చినవాటిలో రెండు నలుపు తెలుపు డిజైన్, అది అసలు మధ్య రొమేనియాలో సిబియు నగరం చుట్టుపక్కల ఊళ్లది, మార్జినిమయ అంటారు ఆ ప్రాంతాన్ని. మా అత్తగారి వైపు రంగులు ఎక్కువ, పూసలు కుడతారు. ఏ ఊరిదో కూడా తెలియని వాడు అమ్మమ్మ కథ చెప్తున్నాడన్నమాట.

కొనేముందు ఏం చూడాలో మా అత్తగారు, ఆవిడకి వరసకి అక్క అయ్యే ఒకావిడ (ఈవిడ ఇప్పటికీ ఆర్డర్ మీద కుడతారు) చూపించారు, నేను గుర్తున్నంత రాస్తున్నా. అసలైన ఇయెకి భుజం మీద కత్తిరింపు కుట్టు ఉండదు, మగ్గం మీద వచ్చిన గుడ్డని నిలువు ముక్కలుగానే వాడతారు, వంపులు తిప్పి కత్తిరించరు, మెడ దగ్గర కుచ్చులు పోసి దారంతో లాగుతారు. చేతి మీద పని మూడు భాగాలుగా ఉంటుంది, భుజం మీద దట్టంగా ఒక పట్టీ, దాన్ని అల్తిత్సా అంటారు, దాని కింద లేత రంగులో, ఎక్కువగా ఒకటే రంగులో సన్నటి ఇంకో పట్టీ, ఆ కింద మణికట్టు దాకా వాగుల్లా దిగే నిలువు వరసలో ఏటవాలు వరసలో. మెషీన్ దాంట్లో ఆ మధ్య పట్టీ చాలాసార్లు ఉండదు, ఒక పూల డిజైన్ తీసుకుని భుజం మీద ఒకటి గుండె మీద రెండు అచ్చుగుద్దినట్టు వేసేస్తారు. తర్వాత, ముక్కలు ఒకదానికొకటి అతికే చోట చూడండి, చేతిదైతే ఆ అతుకు కూడా ఒక అల్లిక లాగా ముచ్చటగా ఉంటుంది, మెషీన్‌దైతే మామూలు షర్టుకి ఉన్నట్టే ఓవర్‌లాక్. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి, చేత్తో కుట్టినవాటికి ఎక్కడో ఒకచోట చిన్న తేడా దొరుకుతుంది. గుడ్డ ముట్టుకుంటే తెలుస్తుంది, నూలు, లినెన్, హెంప్ నార లాంటివి వాడతారు, ఖరీదైనవాటికి ముడి పట్టు.

రేటు సంగతి. ఆ పెద్దావిడ ఒక బ్లౌజుకి చలికాలం అంతా కుడతారు, తీసుకునేది 2500 లేయి, అది కూడా తెలిసినవాళ్లని. గంటకింత అని లెక్కేస్తే జర్మనీలో ఎవడూ చేయడు ఆ రేటుకి. కాబట్టి 130 యూరోలకి కొత్త చేతికుట్టు ఇయె, అదీ ఐదు సైజుల్లో, మూడు రంగుల్లో, స్టాక్ ఉంది అంటే ఇక పరీక్షలు కూడా అక్కర్లేదు. భుజం మీద అల్తిత్సా ఉండే ఈ బ్లౌజు కుట్టుపనిని 2022లో రొమేనియా, మోల్డోవా రెండిటి పేరు మీదా యునెస్కో తన జాబితాలో చేర్చింది, అప్పటినుంచి ప్రతి దుకాణం వాడూ ఆ పేరు వాడేస్తున్నాడు. మాకొచ్చిన పాలిస్టర్ దానికి కూడా యునెస్కో అని ట్యాగు ఉంది. యునెస్కో గుర్తించింది ఆ కళని, ఆ బ్లౌజుకి సర్టిఫికెట్ ఏమీ ఇవ్వలేదు, ట్యాగు చూసి పడిపోకండి.

మెషీన్ ఇయె కొనొద్దు అనట్లేదు నేను. మా పిల్లలకి అవే కొన్నాం, ఐస్‌క్రీమ్ కార్చుకుంటారు, వాషింగ్ మెషీన్‌లో వేస్తాం, వందో నూటయాభయ్యో ఇచ్చి మెషీన్‌ది అని తెలిసి కొనుక్కుంటే తప్పేముంది. మోసం రేటులోనూ మాటలోనూ ఉంది.

ఇప్పుడు డబ్బుల కథ, ఇది అందరికీ పనికొస్తుంది. రిటర్న్ చేస్తాం అని మెయిల్ పెడితే మొదటి జవాబు, మీరు సైజు, రంగు సెలెక్ట్ చేశారు కాబట్టి అది మీ కోసం ప్రత్యేకంగా చేసింది, రిటర్న్ లేదు అని. ఇది పచ్చి అబద్ధం. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నది చేతికొచ్చిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వద్దనొచ్చు, నిజంగా మన కొలతలతో కుట్టించుకున్నవాటికి మినహాయింపు ఉంది గానీ లిస్టులో ఉన్న ఎమ్ సైజు నొక్కితే అది కొలతల కుట్టు కాదు. ఆ ముక్క రాస్తే రెండో జవాబు వచ్చింది, సరే పంపండి, మీ ఖర్చుతో, చైనాలో ఫలానా గోడౌన్‌కి అని. సైట్ మీద బుకారెస్ట్ అడ్రస్, జెండా, అమ్మమ్మ, రిటర్న్ మాత్రం చైనాకి! చెప్పింది ఒకటి పంపింది ఒకటి అయినప్పుడు వెనక్కి పంపే ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి, అది మన మీద రుద్దటానికి లేదు, అదే రాశాం, ఆ తర్వాత జవాబే లేదు.

నా మూడిటికి కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశా, సైట్ పేజీ స్క్రీన్‌షాట్లు, బ్లౌజు లోపలి వైపు ఫొటోలు, వాళ్ల మెయిళ్లు అన్నీ పెట్టా, కొంచెం లేటైనా డబ్బులు వెనక్కొచ్చాయి. ఆడపడుచువి రెండూ రాంబుర్స్ మీద, అంటే కొరియర్ అబ్బాయికి ఇంటి దగ్గర క్యాష్ ఇవ్వటం, రొమేనియాలో ఇది బాగా అలవాటు, ఎక్కువ భద్రం అనుకుంటారు కూడా. భద్రం ఏమీ కాదు. అమ్మేవాడు "విప్పి చూసుకోవచ్చు" అనే ఆప్షన్ కొరియర్‌కి పెడితేనే డబ్బు కట్టేముందు విప్పనిస్తారు, మనోడు పెట్టలేదు, అత్తగారు 1300 లేయి ఇచ్చాకే చూశారు. ఆ క్యాష్‌కి బ్యాంకు లేదు, ఏమీ లేదు. దానికోసం అక్కడి వినియోగదారుల సంస్థ ఏఎన్‌పీసీకి కంప్లయింట్ పెట్టాం, ఆన్‌లైన్లోనే అవుతుంది, ఇంకా నడుస్తోంది. మీరు జర్మనీలోనో ఇంకో యూరోపియన్ యూనియన్ దేశంలోనో ఉండి రొమేనియా షాపు మీద గొడవ ఉంటే మీ దేశంలో ఉండే యూరోపియన్ కన్జ్యూమర్ సెంటర్ ఉచితంగా మాట్లాడిపెడుతుంది, జర్మనీది కేల్‌లో ఉంది. కొనేముందే చూడాల్సింది సైట్ అడుగున కంపెనీ పేరు, సీయూఐ అనే ట్యాక్స్ నంబరు, అది కొట్టి అక్కడి ఆర్థిక శాఖ సైట్లో కంపెనీ వివరాలు చూడొచ్చు. ఆ నంబరే లేకపోతే కార్డు బయటికి తీయకండి.

బ్రాన్ కింద బజార్లోనో వొరొనెట్స్ మఠం బయట స్టాళ్లలోనో కొంటే ఈ 14 రోజుల సంగతి వర్తించదు, అక్కడికక్కడే చూసుకోవాలి. బిల్లు అడిగి తీసుకోండి. పెద్దవాళ్లు అమ్ముతుంటే రేటు విని కంగారు పడొద్దు, 2005లో పాత పదివేల లేయిని ఒక కొత్త లేయి చేశారు, కొంతమంది ఇప్పటికీ పాత లెక్కే చెప్తారు, మిలియన్ అంటే వంద లేయి అన్నమాట. నాకు మొదట్లో గుండె ఆగినంత పనైంది. ఏటీఎమ్‌లో యూరోల్లో కట్ చేయమంటారా అని అడిగితే లేయిల్లోనే అని నొక్కండి. కార్లో వెళ్లేవాళ్లకి ఇంకోటి, రొవినియెటా అనే రోడ్డు పాస్ హైవేలకే కాదు, నేషనల్ రోడ్లన్నిటికీ కావాలి, అధికారిక సైట్లో గానీ పెట్రోల్ బంకులో గానీ కొనండి, సెర్చ్‌లో పైన వచ్చే మధ్యవర్తి సైట్లు ఎక్కువ లాగుతాయి. 2025 జనవరి 1 నుంచి రోడ్డు బోర్డర్లో కూడా రొమేనియా షెంగెన్‌లో (మామూలుగా పాస్‌పోర్ట్ చెకింగ్ లేకుండా తిరిగే యూరప్ దేశాల గుంపు) చేరిపోయింది కదా, మనవాళ్లు జర్మనీ, ఆస్ట్రియా నుంచి బాగా వెళ్తున్నారు, అందుకే ఇంత రాస్తున్నా.

నిజమైనది కావాలంటే సిబియులో ఆస్త్రా మ్యూజియం ఉంది, ఊరి బయట అడవిలో పాత ఇళ్లు, గాలిమరలు తెచ్చిపెట్టిన పెద్ద ఓపెన్ మ్యూజియం, ఆగస్టు మధ్యలో అక్కడ చేతిపనివాళ్ల సంత జరుగుతుంది, కుట్టినావిడే కూర్చుని అమ్ముతుంది, అడిగితే సూది పట్టి చూపిస్తుంది. బుకారెస్ట్‌లో అయితే రైతుల మ్యూజియంలో షాపు ఉంది. రేట్లు ఎక్కువే, బేరం ఆడొచ్చు గానీ మరీ సగానికి అడగకండి, చలికాలం అంతా కుట్టిన మనిషి ముందు బాగోదు. బ్లౌజు ఖరీదు ఎక్కువ అనిపిస్తే మా ఊరి దగ్గరే మర్జినియాలో నల్ల కుండలు చేస్తారు, వోల్చా జిల్లాలో హొరేజు మట్టిపాత్రలు, కోడిపుంజు బొమ్మలవి, తక్కువలో అయిపోతాయి. హొరేజుకి కూడా నకిలీలు ఉన్నాయని విన్నా, చేసినవాళ్ల దగ్గరే కొంటే గొడవ లేదు.

ఆ షాపు సంగతి చెప్తా అన్నా కదా. మేం కొన్న సైట్ ఇప్పుడు తెరుచుకోవట్లేదు, కానీ మొన్న ఆడపడుచుకి మళ్లీ యాడ్ వచ్చింది, పేరు వేరు, లోగో వేరు, ముసలావిడ ఫొటో మాత్రం అదే. ఈసారి రేటు 590 లేయి, రెండు కొంటే మూడోది ఫ్రీ అట. ఫొటోని గూగుల్ ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే ఇంకో మూడు షాపుల్లో అదే అమ్మమ్మ కనిపించింది. యాడ్ చూసినవాళ్లు కొనేముందు ఆ పని చేయండి, బ్లౌజు లోపలి వైపు ఫొటో పంపమని కూడా అడగండి, మేం ఊరికే చూద్దామని ఈ కొత్త పేరు వాడిని అడిగితే మెసేజ్ చూసి బ్లాక్ చేశాడు.