కాలర్ మైకు: థియేటర్ గేటు దగ్గర వాడి చూశాక

కర్నూలులో సినిమా రిపోర్టింగ్ అంటే సగం పని థియేటర్ గేటు ముందే. డప్పులు, ఈలలు, కటౌట్‌కు పాలాభిషేకం. ఆ గోలలో ఉత్త ఫోన్‌తో బైట్ (వార్తలో వాడే చిన్న మాట ముక్క) తీస్తే డెస్కులో తిట్లే. అందుకే ఈ వైర్‌లెస్ కాలర్ మైకు కొన్నా.

గడ్డానికి జానెడు కింద తగిలిస్తే గొంతు శుభ్రంగా పడుతుంది. నాయిస్ తగ్గించే బటన్ మాత్రం ముట్టుకోవద్దు. డప్పుతో పాటు మనిషి గొంతునూ కోసేసి, డబ్బాలోంచి మాట్లాడినట్టు చేస్తుంది. కొండారెడ్డి బురుజు దగ్గర ఓ టీవీ కమెడియన్‌ను పట్టుకున్నా. గాలిని బొచ్చు తొడుగు బాగానే ఆపింది గానీ, ఆయన మిమిక్రీలో ఒక్కసారిగా అరిచేసరికి సౌండు పగిలింది. కామెడీవాళ్లతో గెయిన్ (మైకు సౌండును ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) ముందే తగ్గించుకోండి, పగిలిన సౌండును ఎడిటింగ్‌లో అతకలేం.

మైకు నుంచి ఫోన్‌కు సౌండు వెళ్లేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద. వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే. జనంలో మైకు పెట్టుకున్నాయన ఇటు వీపు తిప్పాడా, ఒళ్లు అడ్డుపడి మాట తెగుతుంది. సిగ్నల్ తెగినా మాట పోకుండా మైకులోనే రికార్డయ్యే రకం ధర ఎక్కువే, అయినా అదే తీసుకోండి. బ్యాటరీకి వంక లేదు. క్లిప్పే నాసిరకం, పట్టుచీర కొంగుకు అస్సలు నిలవదు. షాపు ఓపెనింగులకొచ్చే హీరోయిన్ల కోసం జేబులో పిన్నీసులు పెట్టుకు తిరుగుతున్నా.