పద సమస్యలకు గుర్తు మాటలా, పట్టీ బొమ్మా?

"మొత్తం" కనిపిస్తే కూడు, "మిగిలినవి" అంటే తీసెయ్యి. ఈ గుర్తు మాటల పద్ధతి ఒక్క రోజులో వచ్చేస్తుంది. చిక్కల్లా ఇలాంటి లెక్క దగ్గరే: "రవి దగ్గర 12 గోళీలున్నాయి. సీత దగ్గరున్న వాటికంటే ఇవి 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?" "ఎక్కువ" చూడగానే పిల్లలు 17 అనేస్తారు.

సింగపూర్ బడుల్లో 1980ల నుంచి వాడుతున్న పట్టీ బొమ్మ కాస్త నిదానం. ముందు "ఎవరి దగ్గర ఎక్కువ?" అని అడగండి. రవికి పొడవాటి పట్టీ గీయించి 12 రాయించండి. దాని కింద, ఎడమ అంచులు కలిసేలా, సీతకు పొట్టి పట్టీ. తేడా దగ్గర 5. తీసివేయాలని బొమ్మే చెబుతుంది: 7. అంచులు కలవకపోతే తేడా కనిపించదు, పిల్లలు తరచూ తప్పేది అక్కడే. గళ్ల నోటుబుక్కులో గడికో గోళీ లెక్కన గీయిస్తే ఆ బాధ ఉండదు. రెండంచెల లెక్కలకైతే గుర్తు మాటల్ని అసలు నమ్మొద్దు.