మజిల్ లిబ్‌సీ: కొన్నేళ్లు వాడాక

మజిల్ అంటే ప్రోగ్రాములకీ లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండె)‌కీ మధ్య ఉండే సీ లైబ్రరీ. చిన్నగా ఉంటుంది, స్టాటిక్ లింకింగ్‌కి (లైబ్రరీని ప్రోగ్రాములోనే కలిపేయడానికి) హాయి, ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌లో ఉన్నది ఇదే. ఇవన్నీ తెలిసినవే. నన్ను దీనికి కట్టిపడేసింది మాత్రం ఇందులోని ఆర్చ్ ఫోల్డర్.

ఒక్కో ప్రాసెసర్‌కి ఒక సబ్‌ఫోల్డర్, అందులో సిస్టమ్ కాల్ (ప్రోగ్రాము కెర్నల్‌ని ఒక పని అడగడం) చేసే చిన్న హెడర్ ఫైలు. ఒక్కో కాల్‌కి ఒక నంబరు: డేటా రాసే 'రైట్' (write) కాల్‌ది ఎక్స్86-64లో 1, 32-బిట్ ఆర్మ్‌లో 4, 64-బిట్ ఆర్మ్‌లో 64. నంబరు పెట్టే రిజిస్టర్ (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గది) కూడా మారుతుంది: ఆర్‌ఏఎక్స్, ఆర్7, ఎక్స్8. 64-బిట్ ఆర్మ్‌లోనైతే ఫైలు తెరిచే ఓపెన్ కాలే లేదు, ఓపెన్ఎట్‌తో నడిపించాలి. మిప్స్‌లో ఎర్రర్ వచ్చిందన్న సంగతి వేరే రిజిస్టర్‌లో తెలుస్తుంది. హెడర్ దాన్ని రుణసంఖ్యగా మార్చి ఇస్తుంది కాబట్టి పైనున్న సీ కోడ్‌కి ఆ గొడవే పట్టదు. ఇంత శుభ్రంగా రాసిన కోడ్ నేను చాలా తక్కువ చూశాను.

అయితే ఒకసారి బాగా ఇబ్బంది పడ్డాను. 32-బిట్ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డులో కంటైనర్‌ని (హోస్ట్ కెర్నల్ మీదే విడిగా నడిచే ప్రోగ్రాముల పెట్టెని) ఆల్పైన్ 3.13కి మార్చగానే లోపల గడియారం పిచ్చి తేదీలు చూపించింది. సర్టిఫికెట్లు చెల్లవంటూ ప్యాకేజీలు దిగలేదు. బయట టైమ్ సరిగ్గానే ఉంది! సిస్టమ్ కాల్స్‌ని చూపించే ఎస్‌ట్రేస్ పెట్టి చూస్తే 403వ నంబరు కాల్‌కి 'అనుమతి లేదు' అని వస్తోంది.

32-బిట్ టైమ్ 2038లో నిండిపోయే సమస్య కోసం 2020లో వచ్చిన మజిల్ 1.2.0, 32-బిట్ ప్రాసెసర్లలోనూ టైమ్‌ని 64 బిట్లకు పెంచింది. ముందు టైమ్ అడిగే కొత్త కాల్ (ఆ 403) చేస్తుంది. కెర్నల్ 'అలాంటి కాల్ లేదు' అంటేనే పాతదానికి వెళ్తుంది. కంటైనర్‌కి కాపలాగా, ఏ కాల్స్ చేయనివ్వాలో చూసే పాత సెక్‌కాంప్ ఫిల్టర్‌కి ఆ నంబరు తెలియక 'అనుమతి లేదు' అంది. మజిల్ అదే జవాబుగా తీసుకుంది. టైమ్ ఫంక్షన్ ఆ ఎర్రర్‌ని చూడదు, మెమరీలో ఉన్న చెత్తే తేదీ అయిపోయింది. బయటి సిస్టమ్‌లో ఆ ఫిల్టర్‌కి కావాల్సిన లైబ్రరీ లిబ్‌సెక్‌కాంప్‌ని అప్‌డేట్ చేశాక కుదుటపడింది.

తప్పు ఫిల్టర్‌దే. ప్రతి ఎర్రర్‌కీ పాత కాల్‌కి వెళ్తే నిజంగా అనుమతి లేని సందర్భం దాగిపోతుంది, కాబట్టి మజిల్ చేసింది సరైనదే అంటాను. కానీ ఆ కోడ్ శుభ్రత వెనుక, కింది పొర ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుందన్న నమ్మకం ఉంది. అది వమ్మైతే టెన్షన్ మనకే.

నా దగ్గరున్నవి రకరకాల చిన్న బోర్డులు, వాటి కెర్నల్, హోస్ట్ (కంటైనర్‌ని నడిపే బయటి సిస్టమ్) నా చేతిలోనే ఉంటాయి. అందుకే వదలను. అద్దె హోస్ట్ మీద 32-బిట్ ఆర్మ్ నడిపేవాళ్లు ముందు అక్కడి లిబ్‌సెక్‌కాంప్ వెర్షన్ కనుక్కోండి. ఆఫీసు సర్వర్లలో మాత్రం జీలిబ్‌సీ (చాలా లినక్స్‌లలో ఉండే సీ లైబ్రరీ) కోసం తయారైన రెడీమేడ్ బైనరీలు ఎక్కువ కాబట్టి నేనూ దాన్నే వాడుతున్నాను.