ఐజీఐ: ఆర్నెల్లు మళ్లీ ఆడాక

ఎనిమిదో తరగతిలో మా ఊరి నెట్ సెంటర్‌లో గంటకు 15 రూపాయలిచ్చి ఆడిన 'ప్రాజెక్ట్ ఐజీఐ' అనే కంప్యూటర్ ఆటను (శత్రు సైనిక క్యాంపుల్లోకి ఒంటరిగా చొరబడాలి) గాగ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో కొని, ఆర్నెల్లుగా ఆడుతున్నాను. 14 మిషన్లూ రెండుసార్లు పూర్తయ్యాయి. చిన్నప్పుడు ఐదోది దాటింది లేదు.

మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలుండదు. అరగంట నక్కి నక్కి వెళ్లి, చివర్లో ఒక్కడి కంట పడి చచ్చిపోతే మళ్లీ మొదటి నుంచే. అప్పట్లో మాకు కరెంటు కోత అదనం. "అన్నా, ఒక్క ఐదు నిమిషాలన్నా, అయిపోవచ్చింది" అని ఎన్నిసార్లు బతిమాలానో! ఆడేది నేనొక్కడినే అయినా, కుర్చీ వెనక నిలబడి "టవర్ మీద చూడరా" అని అరిచేవాళ్లు ముగ్గురు.

ఇప్పుడు ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, టైమ్ అయిపోయిందనేవాళ్లు లేరు. అయినా అదే టెన్షన్. సేవ్ లేదని అప్పుడు ఏడ్చాను గానీ, ఈ ఆటకు ప్రాణం అదే. దిగేముందు కొండ మీదే ఆగి బైనాక్యులర్స్‌తో చూస్తాను: గేటు దగ్గర ఇద్దరు, టవర్ మీద ఒకడు, గోడకు అటూ ఇటూ తిరిగే కెమెరా. శాటిలైట్ మ్యాప్ తెరిస్తే క్యాంపంతా పైనుంచి కనిపిస్తుంది, అందులో సైనికులు నడుస్తుంటారు. కెమెరా అటు తిరగ్గానే పరుగు. లోపల కంప్యూటర్ హ్యాక్ చేస్తుంటే గీత మెల్లగా నిండుతుంది. ఆ కాసేపూ వెనక తలుపు తెరుచుకుంటుందేమోనని నా అరచేతులు తడిసిపోతాయి.

2000లో అంత విశాలమైన మైదానాలు ఎలా పెట్టారా అనుకునేవాణ్ని. నార్వేకు చెందిన ఇన్నర్‌లూప్ వాళ్లు అంతకుముందు 'జాయింట్ స్ట్రైక్ ఫైటర్' అనే విమానాల ఆట చేశారు. ఆ ఆటను నడిపించిన సాఫ్ట్‌వేర్‌నే (గేమ్ ఇంజిన్) ఇక్కడా వాడారు.

లోపాలూ ఉన్నాయి. అలారం మోగిందంటే బ్యారక్‌ల నుంచి సైనికులు వస్తూనే ఉంటారు. పక్కవాడు కూలినా పట్టించుకోని గార్డే, ఒక్కోసారి ఎక్కడో దూరం నుంచి కనిపెట్టేస్తాడు. వెడల్పు స్క్రీన్ మీద బొమ్మ సాగినట్టుంది. కథ మామూలే.

2003లో వచ్చిన రెండో భాగంలో సేవ్ పెట్టారు, అదీ లెక్కపెట్టి. మల్టీప్లేయర్ కూడా ఉంది. ఆడాను, బాగుంది. కానీ ఈ భయం అందులో లేదు. ఆ ఏడాదే ఇన్నర్‌లూప్ మూతపడింది. ఇంత మంచి సిరీస్ అక్కడితో ఆగిపోవడం నాకు నిజంగా బాధ.

మొన్న ఆదివారం మూడోసారి మొదలుపెట్టాను. ఆ ముగ్గురిలో ఒకడు ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాడు. వీడియో కాల్‌లో నా స్క్రీన్ చూపిస్తూ గేటు దాకా వెళ్లానో లేదో, అటు నుంచి ఒకటే అరుపు: "టవర్ మీద చూడరా!"