వేసవిలో శ్రీకాకుళం పిట్టలు: పొద్దున నౌపడ ఉప్పు మడులు, మధ్యాహ్నం జీడితోట

శ్రీకాకుళం జిల్లాలో పక్షులనగానే అందరి నోటా తేలినీలాపురమే. టెక్కలి మండలంలోని ఈ ఊరికి గూడబాతులు (పెలికన్లు), పెయింటెడ్ స్టార్క్‌లనే పెద్ద కొంగలు సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి. చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక మార్చి, ఏప్రిల్‌లలో వెళ్ళిపోతాయి. బడి సెలవులిచ్చారు కదా అని మే నెలలో కారేసుకుని వెళితే ఖాళీ కొమ్మలు, వాటి మీద ఎండిన తెల్లటి రెట్టలు, అంతే. చాలామంది ఇక్కడే ఉసూరుమంటారు. మే నెలలో ఒక్కరోజే చేతిలో ఉంటే ఆ పొద్దు నౌపడ ఉప్పు మడుల్లో గడపాలి. తేలినీలాపురం పక్కనే కాబట్టి తిరుగు దారిలో చూసుకోవచ్చు.

ఏప్రిల్ మొదటి వారంలో వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. ఎదిగీ ఎదగని పిల్లలు ఇంకా కొన్ని గూళ్ళలో ఉంటాయి, పక్షి ఎండను ఎలా తట్టుకుంటుందో చూడ్డానికి ఇదే సమయం. తల్లి స్టార్క్ సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి పిల్లలకు నీడ పడుతుంది. పొద్దు జరిగేకొద్దీ తనూ జరుగుతుంది. కాళ్ళు తెల్లగా కనిపిస్తే సున్నమనుకోకండి, ఒంటి వేడి తగ్గించుకోవడానికి తన కాళ్ళ మీద తానే రెట్ట వేసుకుంటుంది. గూడబాతు నోరు తెరిచి గొంతు సంచిని గబగబా ఆడిస్తుంది. చెట్ల కింద టోపీ లేకుండా నిలబడొద్దు. పిల్లల నోటి నుంచి జారిపడ్డ చేపలు కుళ్ళి వాసన కొడతాయి, కాబట్టి టిఫిన్ అక్కడ విప్పకండి. అన్నట్టు, ఇవి సైబీరియా నుంచి వస్తాయన్న మాట అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. రెండూ దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే పుట్టి పెరిగే జాతులు, నీళ్ళను బట్టి చోటు మారుస్తాయి. సైబీరియా దాకా పోయే పని వాటికి లేదు.

ఇక నౌపడ. మే నెలలో ఇక్కడ పొద్దు 5:20 ప్రాంతంలోనే పొడుస్తుంది. 5 గంటలకల్లా గట్టు మీద ఉండాలి, 8:30కి ముగించాలి. ఆ తర్వాత వేడికి గాలి అలలు అలలుగా కదిలి దూరాన ఉన్న పిట్ట కరిగిపోయినట్టు కనిపిస్తుంది. స్పాటింగ్ స్కోప్ (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణి) ఎంత ఖరీదైనదైనా ఆ గాలిలో లాభం లేదు. బైనాక్యులర్ 8x42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, అయితే చాలు. 10x పెట్టుకుంటే పిట్టతో పాటు ఆ కదలిక కూడా పెద్దదవుతుంది. సముద్రం తూర్పున ఉంది కాబట్టి ఊరి వైపు నుంచి చూస్తే ఎండ నేరుగా కళ్ళలో పడి ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. చీకటి ఉండగానే తూర్పు గట్టుకు చేరి, అక్కడి నుంచి పడమరకు తిరిగి చూడాలి.

అన్ని మడులూ ఒకటి కావు. ఉప్పు గడ్డకట్టే చివరి మడుల్లో పిట్టలకు తిండి ఉండదు. సముద్రపు నీరు మొదట నిలిచే పెద్ద మడుల్లో ఉప్పదనం తక్కువ, చేపపిల్లలు, పురుగులు ఎక్కువ. కొంగలు, పొడుగాటి గులాబీ కాళ్ళ బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌లు, నీటి మీద నిలబడి ఎగురుతూ బుడుంగున దూకే లిటిల్ టర్న్‌లు, అన్నీ అటే. ఉప్పు తీతకు ఇది ముమ్మరమైన కాలం, పనివాళ్ళు మనకంటే ముందే వచ్చి ఉంటారు. వాళ్ళను అడిగి గట్టెక్కండి, కొత్తగా మెత్తిన గట్టు తొక్కకండి.

ఈ నెలల్లో కెంటిష్ ప్లోవర్ అనే చిన్న తీరపు పిట్ట ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. మామూలుగా మూడు, మట్టి రంగులో నల్ల చుక్కలతో, పక్కనే నిలబడ్డా కనబడవు. పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు పరిగెడుతోందంటే గుడ్లు మీ కాళ్ళ దగ్గరే ఉన్నాయన్నమాట. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. తల్లి లేచిపోతే ఆ ఎండలో గుడ్డు చెడిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఫోటో కోసం అక్కడే కూర్చుంటే ఆ గూడు పోయినట్టే. తీతువు గుడ్లకూ ఇదే జాగ్రత్త. అది పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చోవడం దూరం నుంచి బైనాక్యులర్‌లో బాగా కనిపిస్తుంది.

బసకు శ్రీకాకుళంలో గదులు ఎక్కువ, కానీ అక్కడి నుంచి టెక్కలి సుమారు 50 కి.మీ. తెల్లారేసరికి మడుల్లో ఉండాలంటే టెక్కలి లాడ్జీయే నయం, గది సాదాసీదాగా ఉన్నా సరే. బిల్లు రాత్రే కట్టేయండి, 4 గంటలకు గేటు తీయమని వాచ్‌మన్‌తో చెప్పి పడుకోండి. జనరేటర్ ఉందా అని కాదు, జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా అని అడగాలి. చాలా చోట్ల ఫ్యాను, లైటు వరకే. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బయటికి తీస్తే ఈ తీరప్రాంతపు ఉక్కకు లెన్స్ మీద ఆవిరి పడుతుంది. సంచి జిప్ తీయకుండా ఇరవై నిమిషాలు బయట ఉంచాక తీయండి. ఉప్పు గాలి పట్టిన లెన్స్‌ను పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు కాస్త తడిగుడ్డ అద్దాలి.

శ్రీకాకుళం నుంచి టెక్కలికి ఆర్టీసీ బస్సులు బాగానే ఉన్నాయి. హౌరా–చెన్నై లైనులో నౌపడ జంక్షన్ ఉంది గానీ ఆ వేళకు సరిపడే బండి దొరకడం కష్టం. ఆటో రాత్రే మాట్లాడుకోండి, రాకపోకలకీ ఆగినందుకూ కలిపి ఒకే రేటు. అలా కాకుండా దింపేసి వెళ్ళిపోతే 9 గంటల ఎండలో తిరుగు ఆటో దొరకదు. టిఫిన్ బళ్ళు తెరిచేసరికి మీరు గట్టు మీద ఉంటారు, కాబట్టి అరటిపళ్ళు, ఉడికించిన గుడ్లు వెంట ఉండాలి. మనిషికి 3 లీటర్ల నీళ్ళు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీటిలోనే కలపాలి. సీసా చిన్నదని సగం నీళ్ళలో కలిపితే మేలు కంటే కీడే ఎక్కువ. ఇక్కడి ఉక్కకు చెమట ఆరదు, అందుకే థర్మామీటర్ చూపేదానికంటే ఒళ్ళు ఎక్కువ అలుస్తుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం మొదలైతే పిట్టలు చాలించి నీడకు చేరాలి. చద్దన్నమో చోడి అంబలో దొరికితే వదలొద్దు, రోడ్డు పక్కన తాటి ముంజలు ఎలాగూ ఉంటాయి.

11 నుంచి 3 దాకా తిరగడం దండగ. ఉద్దానం వైపు జీడి, మామిడి తోటల్లో బోరు దగ్గర నీళ్ళ గుంట ఉంటే యజమానినడిగి, పదిహేను అడుగుల దూరంలో నీడన కదలకుండా కూర్చోండి. పిట్టలే దాహానికి వస్తాయి. బులుబుల్‌లు, మైనాలు ముందు, వంగపండు పిట్ట (గోల్డెన్ ఓరియోల్) లాంటి బిడియస్తులు తర్వాత. సాయంత్రం 4:30 తర్వాత ఓపిక ఉంటే సోంపేట బీల వైపు వెళ్ళండి. 2010లో థర్మల్ కేంద్రం రాకుండా జనం కాపాడుకున్న తడినేల అది. పశువుల వెంట తిరిగే కొంగలు ఈ రోజుల్లో తల, మెడ నారింజ రంగుకు తిరిగి ఉంటాయి.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి మాత్రం ఈ రోజు జాబితాలో పెట్టుకోవద్దు. నత్తగుల్ల కొంగలు తొలకరి వానలతో, జూన్ చివర్లోనో జూలైలోనో దిగుతాయి. పెద్ద కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పిల్ల కొంగ ముక్కులో ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. అది చూడాలంటే ఆగస్టు తర్వాత వెళ్ళాలి, గదికి ఇచ్ఛాపురంలో కుదరకపోతే బరంపురం దగ్గరే.