టమియా టీ-55ఏ: పెట్టెకు పెట్టిన డబ్బు దండగ కాదు, బురద సీసాలకు పెట్టేదే దండగ

జపాన్ బొమ్మల కంపెనీ టమియా వారి 1/35 (అసలు బండిలో ముప్పై అయిదో వంతు) టీ-55ఏ ట్యాంకు ప్లాస్టిక్ బొమ్మ కిట్ కొనవచ్చా అని అడిగేవాళ్లకు ముందే చెబుతున్నాను: కొనండి. బొమ్మ వాడిన బండిలా కనిపించడానికి దాంతోపాటు అమ్మే బురద సీసాలు, దుమ్ము సీసాలు, తుప్పు సీసాలు మాత్రం కొనకండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసి బతికినవాణ్ని నేను. దుమ్ము, తుప్పు, గ్రీజు మరకలు నాకు ఊరికే దొరికాయి. వాటినే చిన్న సీసాలో పోసి, చీటీ అంటించి, వందలకు వందలు అడిగితే జేబులోకి చెయ్యి పోదు.

కిట్ నంబరు 35257. అచ్చు 2002 నాటిది. హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటే కొరియర్ ఖర్చుతో కలిపి ఐదు వేలకు కాస్త తక్కువ పడింది. ఇరవై ఏళ్లు దాటిన అచ్చు, ఎక్కడో అరిగిపోయి ఉంటుందనే అనుమానంతోనే పెట్టె తెరిచాను. భాగాలు ఫ్రేము నుంచి కోసి, ఎమరీ కాగితంతో ఒకసారి తుడిచి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పల్చటి జిగురు తాకిస్తే చాలు, పుట్టీ అవసరం లేకుండా అతుక్కున్నాయి. బాడీ పైభాగం, కింది భాగం కలిసే చోట గోరు కూడా దూరలేదు. లారీ క్యాబిన్‌కు తలుపు ఇంత నిక్కచ్చిగా బిగిసిన రోజు నా సర్వీసులో లేదు.

ఈ టమియా వాళ్లు జపాన్‌లోని షిజువోకాలో 1946లో మొదలుపెట్టింది కలప వ్యాపారం. చేతిలో చెక్క ఉంది కాబట్టి చెక్క బొమ్మలు చేశారు, ప్లాస్టిక్ ఆ తర్వాత వచ్చింది. 1/35 అనే లెక్క కూడా శాస్త్రం ప్రకారం పుట్టింది కాదు. మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల రెండు బ్యాటరీలు పట్టేంత పెద్దదిగా చేశారు. తర్వాత కొలిచి చూస్తే అసలు బండిలో ముప్పై అయిదో వంతుకు దగ్గరగా వచ్చిందట. ఇప్పుడు ప్రపంచంలో సైనిక వాహనాల బొమ్మలు చేసేవాళ్లలో చాలామంది పట్టుకున్న కొలత అదే.

ఇక అసలు బండి గురించి. సోవియట్ యూనియన్ టీ-55 తయారీని 1958లో మొదలుపెట్టింది. అంతకుముందున్న టీ-54తో కలిపి లెక్కేస్తే, లోకంలో ఇంత పెద్ద సంఖ్యలో తయారైన ట్యాంకు మరొకటి లేదు. మన సైన్యం కూడా దశాబ్దాల పాటు వాడింది, తర్వాతి రోజుల్లో 100 మిల్లీమీటర్ల ఫిరంగి తీసేసి 105 పెట్టుకుంది. పెట్టెలో వచ్చేది 100 మిల్లీమీటర్ల ఫిరంగి. పైగా ఇది ‘ఏ’ రకం. అంతకుముందు రకంలో ముందు వాలు పలకకు నడిమధ్యన మెషీన్‌గన్ కోసం చిన్న రంధ్రం ఉండేది, ఇందులో ఉండదు. అణు ధూళి నుంచి సిబ్బందిని కాపాడే పూత కోసం పై మూతలు కూడా లావెక్కాయి. మొదటి రకమే కావాలని పట్టుబట్టేవాళ్లు ఈ తేడాలు చూసుకుని కొనండి. నేను ఏ యుద్ధాన్నీ చూపించదలచుకోలేదు. సరిహద్దులో విన్యాసాలకు వచ్చి, మట్టి దారి పక్కన ఆగిన బండి ఒకటి చాలనుకున్నాను.

ఇదే ట్యాంకును ఉక్రెయిన్‌కు చెందిన మినీఆర్ట్ కూడా చేస్తుంది. ఇంజిను, లోపలి సీట్లు, గుండ్ల అరలతో సహా వచ్చే పెట్టెలు వాళ్ల దగ్గర ఉన్నాయి. ట్రాకు కూడా లింకు లింకుగా పేర్చుకోవాలి. మా మేనల్లుడు అది కొన్నాడు. ఇంకా పేరుస్తూనే ఉన్నాడు.

టమియా పెట్టెలో ట్రాకు ఒకే బెల్టుగా వస్తుంది. ఇక్కడే కొంత పని ఉంది. టీ-55కు ఒక్కో వైపు ఐదు పెద్ద చక్రాలు, మొదటి చక్రానికీ రెండో దానికీ మధ్య మాత్రం ఎడం ఎక్కువ. పైన ట్రాకును మోసే చిన్న రోలర్లు ఉండవు. కాబట్టి అసలు బండిలో పై ట్రాకు తన బరువుతో తానే చక్రాల మీద వాలి పడుకుంటుంది. బొమ్మలో బెల్టు బిగుసుకుని గాలిలో నిలబడితే చూడగానే తేలికతనం తెలిసిపోతుంది. అసలు ట్యాంకు 36 టన్నులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ముప్పై అయిదో వంతుకు తగ్గితే బరువు 42,875 వంతుల్లో ఒక వంతు అవుతుంది. అంటే ఇదే ఉక్కుతో చేసి ఉంటే బొమ్మ 840 గ్రాములు తూగాలి. ప్లాస్టిక్ ఎక్కడ తూగుతుంది? ఆ బరువు కంటికి కనబడేలా మనమే చేయాలి. చక్రాల మీద ఫెవిక్విక్ చుక్కలు పెట్టి, బెల్టుకూ మడ్‌గార్డుకూ మధ్య స్పాంజి ముక్కలు దూర్చి రాత్రంతా వదిలేస్తే ట్రాకు చక్రాలకు అంటుకుని వాలుతుంది. పని చిన్నది. ఇది చేయని టీ-55 ఎంత బాగా రంగు వేసినా బొమ్మలాగే ఉంటుంది.

రంగు విషయంలో నాకు కొంచెం పట్టింపు ఎక్కువ. వేలంలో కొన్న మిలటరీ శక్తిమాన్ లారీలు ఆటోనగర్‌కు వచ్చేవి. ఆ రంగు గీకి కొత్త రంగు వేసిన చేతులివి. భారతీయ ప్రమాణాల రంగుల పట్టీలో 220 నంబరు ఆలివ్ గ్రీన్ అది. ఎండకు ఆ పచ్చదనం తగ్గి పసుపు, బూడిద కలిసిన రంగు తేలుతుంది. బానెట్ మీద ఒక ఛాయ, తలుపు కింద మరో ఛాయ. అందుకే సీసాలోని ఆలివ్ రంగును ఉన్నదున్నట్టు కొట్టవద్దు. నేను టమియా ఎక్స్‌ఎఫ్-62 (ఆలివ్ రంగు) తీసుకుని, పై తలాలకు అందులో ఎక్స్‌ఎఫ్-57 (లేత ఇసుక రంగు) కలుపుతూ పోయాను. చిన్న వస్తువు మీద ఏ రంగైనా ముదురుగా కనిపిస్తుంది, లేతగా కలిపితేనే కంటికి సరిపోతుంది.

ఇంకో మాట. లారీల రంగును పల్చన చేయడానికి వాడే ఎన్‌.సి. థిన్నర్‌ను ఈ ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వకండి, కరిగించేస్తుంది. టమియా ఆక్రిలిక్‌కు వాళ్ల థిన్నరే వాడండి. మన ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) పట్టుకుంటే రంగు సూది మొనలోనే ఆరిపోతుంది. తెల్లవారుజామున వేసుకోవాలి. ముసురు పట్టిన రోజున లాకర్ వార్నిష్ కొడితే తెల్లబారుతుంది. ఇది లారీలు నేర్పిన పాఠమే, ట్యాంకుకూ అదే.

తుప్పు సీసాలు ఎందుకు వద్దన్నానో చెబుతాను. వాడకంలో ఉన్న బండికి ఒళ్లంతా తుప్పు పట్టదు. నలుగురు సిబ్బంది రోజూ తుడుస్తూ, గ్రీజు పెడుతూ తిరిగే బండి అది. పొలంలో వదిలేసిన లారీలాగా ఎర్రగా చేసి చూపిస్తారు కొందరు, నాకు నవ్వొస్తుంది. తుప్పు ఉండేది పొగ గొట్టం దగ్గర. టీ-55కు పొగ గొట్టం ఎడమ మడ్‌గార్డు మీద, వెనక వైపు ఉంటుంది. వేడి పొగలోకి డీజిల్ చిమ్మి తెల్లటి తెర లేపుకునే ఏర్పాటు కూడా ఈ ఇంజినుకు ఉంది. కాబట్టి అక్కడ నూనె, మసి కలిసిన నల్లదనం ఉండాలి. బొగ్గు పొడి, రెండు చుక్కల లిన్‌సీడ్ నూనె, అంతే. కుడి మడ్‌గార్డు మీద ఇంధన ట్యాంకులు ఉంటాయి, వాటి మూతల చుట్టూ డీజిల్ ఒలికి దుమ్ము పట్టిన మరక ఏ లారీని చూసినా తెలుస్తుంది. ట్రాకు నేలను తాకే అంచులకు 6బి పెన్సిల్ రుద్దండి, అరిగిన ఉక్కు మెరుపు వస్తుంది. ఖర్చు పది రూపాయలు.

ఇప్పుడు నేల. బాడీ బిల్డింగ్ షెడ్డులో మిగిలిన టేకు చెక్క ముక్క తీసుకుని, దాని మీద థర్మోకోల్ అంటించి, మిట్టపల్లాలుగా కోశాను. పైన పూయడానికి బురద కావాలి. సీసాల ధర చూశాక కొండపల్లి బస్సెక్కాను. అక్కడివాళ్లు తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేసేటప్పుడు విడిగా చెక్కిన కాళ్లు, చేతులు అతకడానికి మక్కు వాడతారు. చింతగింజల పిండి, చెక్క పొట్టు కలిపిన ముద్ద అది. బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన దగ్గర పొట్టు అడిగాను.

“ఏం చేస్తారండీ దీంతో?”

“ట్యాంకు కింద నేల చేస్తానండీ.”

“ఏనుగు అంబారీ అడుగుతారు, ఎడ్లబండి అడుగుతారు. నేల అడిగింది మీరే” అని నవ్వి, సంచి నిండా పోశాడు. డబ్బు తీసుకోలేదు, ఒక ఎడ్లబండి కొనిపించాడు.

మక్కు గుణం ఏమిటంటే, తడిగా ఉన్నప్పుడు వెన్నలా సాగుతుంది, ఆరాక చెక్కలా గట్టిపడుతుంది. పొట్టును వంటకు వాడని మిక్సీలో వేసి సన్నగా చేసుకోవాలి. దళసరిగా ఒకేసారి పూస్తే ఎండి పగులుతుంది, పల్చగా పొరలు పొరలుగా పూయాలి. దారి అంచుల్లో పడిన పగుళ్లను నేను చెరపలేదు, ఎండిన రేగడి అలాగే ఉంటుంది. చివరి పొర సగం ఆరినప్పుడు, రంగు వేయని ట్రాకుకు ముఖానికి పూసుకునే పౌడర్ చల్లి ముద్దలో నొక్కాను. అసలు ట్రాకు వెడల్పు 580 మిల్లీమీటర్లు, బొమ్మలో పదహారున్నర. ఆ రెండు చాళ్లు పడ్డాక, పక్కకు ఉబికిన ముద్దను సర్దకుండా వదిలేయండి. బరువు అక్కడ కనిపిస్తుంది.

చింతగింజ పిండి అంటే పురుగులకు విందు, వానాకాలంలో బూజు కూడా పడుతుంది. పోస్టర్ల మైదాలో కలిపినట్టే చిటికెడు మైలుతుత్తం కలపండి. అది విషం, చేతికి తొడుగు వేసుకోండి, వంటింటి మిక్సీ వైపు చూడకండి.

పైన చల్లే మట్టిలో చాలామంది కృష్ణ ఇసుక వాడతారు. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ కొలతలో మూడున్నర సెంటీమీటర్ల కంకర రాయి. దారి మీద పోస్తే రోడ్డు పని జరుగుతున్నట్టు ఉంటుంది. పాత నూలు చీర ముక్కలో రెండుసార్లు జల్లించిన దుమ్మే దుమ్ములా కనిపిస్తుంది. మా గుమ్మం దగ్గరి దుమ్ముకు కొంచెం పసుపు ఛాయ తెచ్చి, ఫెవికాల్ కలిపిన నీళ్లు పిచికారీ చేశాను. ఎండుగడ్డికి కొబ్బరి పీచు, ముళ్ల పొదకు ఎండిన వేళ్లు. మనుషుల బొమ్మలు పెట్టలేదు. అయిదు సెంటీమీటర్ల మనిషికి ముఖం వేయడం నా వల్ల కాదు, కొండపల్లికి ఇస్తే మీసాలు పెట్టి పంపుతారు.

నంబరు మాత్రం పెట్టెలోని స్టిక్కర్లతో కాదు, చేత్తో రాయించాను. మన సైన్యం బండ్ల నంబరు ముందు పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది. నంబరు బోర్డులు రాసే మిత్రుడు కళ్లద్దాలు రెండు జతలు పెట్టుకుని మరీ రాశాడు.

పూర్తయ్యాక విజయవాడ దుమ్ము కూడా దీని మీద కూర్చుంటుంది కాబట్టి అద్దం పెట్టె తప్పనిసరి. ఫిరంగితో కలిపి బొమ్మ పొడవు 25 సెంటీమీటర్లు దాటుతుంది, పెట్టె లోపలి కొలత 35కు తగ్గకుండా చెప్పండి. ఆన్‌లైన్‌లో వచ్చే ప్లాస్టిక్ కేసుల ధర కిట్ ధరలో సగం ఉంది. నేను చేపల తొట్లు చేసేవాళ్ల దగ్గర అయిదు పలకలు అతికించుకున్నాను, ఆరు వందలైంది. మూలల్లో సిలికాన్ తక్కువ పెట్టమనండి, లేకపోతే ట్యాంకు చేపలతొట్టిలో మునిగినట్టు కనిపిస్తుంది.